పద్దెనిమిదో గుంత దాకా ఎండీ

నెమలికోన జలాశయం ఒడ్డున గోల్ఫ్ మైదానం పెట్టాలని రాష్ట్ర జలవిహార సంస్థ వారికి ఎందుకు తోచిందో ఇప్పుడు చెప్పగలవాళ్ళు ఎవరూ లేరు. ఫైలులో ఆ పేజీలు చెదలు తిన్నాయి. చెదలకు రుచించని పేజీల్లో మాత్రం మైదానం ‘లింక్స్’ పద్ధతిలో ఉండవలెనని రాసి ఉంది. లింక్స్ అంటే ఏమిటయ్యా అని ఆరా తీస్తే, చెట్టూ చేమా ఉండకూడదు, గడ్డి దిబ్బలు ఉండాలి, మధ్య మధ్య ఇసుక గోతులు ఉండాలి, నీటి మీంచి వచ్చే గాలి మనిషిని నిలబడనివ్వకూడదు అని తేలింది. ఇవన్నీ నెమలికోనలో దేవుడు ఏనాడో ఉచితంగా ఏర్పాటు చేసి ఉంచాడు. సంస్థవారు పద్దెనిమిది గుంతలు తవ్వి, పద్దెనిమిది జెండాలు పాతి, శంకుస్థాపన శిలాఫలకం ఒకటి, ప్రారంభోత్సవ శిలాఫలకం ఒకటి నిలబెట్టి, పని అయిపోయిందన్నారు. చెప్పొద్దూ, మైదానం మాత్రం చూడముచ్చటగా కుదిరింది. పొద్దున్నే నీళ్ళ మీద మంచు లేస్తుంటే ఆ దిబ్బల మీద నిలబడినవాడికి ఆఫీసుకు వెళ్ళబుద్ధి కాదు.

ప్రారంభోత్సవం నాడు మేనేజింగ్ డైరెక్టరు సదానందం గారు తొలి ఆట ఆడారు. సంస్థలో ఆయన్ని అందరూ ఎండీ గారంటారు. మైదానం చుట్టి వచ్చేసరికి ఆయనకు నూట నలభై దెబ్బలు పట్టాయి. టీవీలో క్రికెట్టు చూసే మనిషి కనక, సెంచరీ మీద ఇంకో నలభై అనుకుని పొంగిపోయి, స్టాఫందరికీ బందరు లడ్డూలు పంచారు. అందరూ తిన్నారు. మూతులు తుడుచుకుంటూ ఉండగా భానుమూర్తి అనే కుర్ర ఇంజనీరు ‘‘ఈ ఆటలో దెబ్బలు తగ్గితేనే గొప్ప సార్. నాకు నూట పదే పట్టాయి’’ అన్నాడు. లడ్డూ అరిగేదాకా ఆగినా పోయేది. మర్నాడు అతన్ని పిల్లిగుట్ట వర్షమాపక కేంద్రానికి బదిలీ చేశారు. పిల్లిగుట్టకు బస్సు లేదు, రోడ్డు లేదు, ఆ మాటకొస్తే వర్షం కూడా లేదు. కొలవడానికి మాత్రం ఒక పోస్టు ఉంది.

అటువంటి దుర్ఘటన మళ్ళీ జరగకూడదని పరిపాలనాధికారి పరాంకుశం గారు ఒక ఉత్తర్వు తయారు చేశారు. ఆయనకు సర్వీసు నిబంధనలన్నీ కంఠోపాఠం. ఇంట్లో ఉప్మాలో ఉప్పెక్కువైతే ఏ నిబంధన కింద వేశారని అడుగుతారని చెప్పుకుంటారు. ఉత్తర్వు ఇలా సాగింది: ‘సంస్థ మైదానమందు ఆటలో పాల్గొను ఏ అధికారియైనను, తన పై అధికారి కన్నా తక్కువ దెబ్బలలో ఆట ముగించుట క్రమశిక్షణారాహిత్యముగా పరిగణింపబడును.’ ఎండీ గారు సంతకం చేశారు.

ఇక ప్రతి ఆదివారమూ పన్నెండుమంది అధికారులు ఆటకు దిగేవారు. ఎండీ గారికి నూట నలభై పడితే, జనరల్ మేనేజరుకు నూట నలభై ఒకటి, ఆయన కిందాయనకు నూట నలభై రెండు, అలా వరసగా. అంకెలు పరాంకుశం గారే సీనియారిటీ ప్రకారం చదివేవారు. నిజంగా ఎవరెన్ని కొట్టారో లెక్కపెట్టే పని ఎవరూ పెట్టుకోలేదు. ఎండీ గారి కోసం ఓడిపోయామన్న తృప్తితో అందరూ ఇళ్ళకు వెళ్ళి కోడికూర తినేవారు.

వరసలో ఆఖరివాడు అసిస్టెంట్ ఇంజనీరు ఉమాపతి. ఈ కథ అతనిదే. మైదానానికి కొలతలు వేసి గుంతలు ఎక్కడెక్కడ ఉండాలో గుర్తులు పెట్టింది అతనే. చిన్నప్పుడు బిళ్ళంగోడులో ఊరందరినీ ఏడిపించిన చెయ్యి కావడంతో, గోల్ఫ్ కర్ర పట్టుకున్న వారానికే బంతి అతను చెప్పినట్టు వినడం మొదలుపెట్టింది. అక్కడే వచ్చింది చిక్కు. అతని వంతు వచ్చేసరికి మిగతా పదకొండుమందీ ఆట ముగించి, టీలు తాగుతూ అతన్నే చూస్తూ కూర్చునేవారు. అందుచేత సంస్థ మొత్తం మీద అతనొక్కడే నిజంగా నూట యాభై ఒక్క దెబ్బలు కొట్టి చూపించాలి. ఆ ఇసుక గోతిలోంచి ఈ ఇసుక గోతిలోకీ, అక్కణ్ణుంచి తుప్పల్లోకీ బంతిని జాగ్రత్తగా పంపుతూ, పొరపాటున గుంతలో పడిపోతుందేమోనని హడలిపోతూ, చెమటలు కక్కుతూ ఓడిపోయేవాడు. గెలిచినవాడు కూడా అంత అలిసిపోడు.

ఇదంతా ఎందుకు భరించాడంటే హైమ కోసం. హైమవతి అతని భార్య, లెక్కల టీచరు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆమె ఉద్యోగం ఒక ఊళ్ళో, అతనిది ఇంకో ఊళ్ళో. బస్టాండుల్లోనే కాపురం చేశారనుకోండి. పెట్టిన దరఖాస్తులకు లెక్క లేదు. చివరికి ఏ దేవుడు కరుణించాడో, ఆమెకు నెమలికోన హైస్కూలు, ఇతనికి ఈ మైదానం దొరికాయి. గట్టు మీద రెండు గదుల క్వార్టరు ఇచ్చారు. హైమ పెరట్లో జానెడు కరివేపాకు మొక్క నాటి, ‘‘ఇది చెట్టయ్యేదాకా నేను ఇక్కణ్ణుంచి కదలనంతే’’ అంది. ఆ ఇంట్లో పిల్లిగుట్ట అన్న మాట ఎవరూ నోట రానివ్వరు.

సాయంత్రం ఆఫీసు ఖాళీ అయ్యాక ఉమాపతి ఒక్కడే మైదానంలోకి వెళ్ళి తన ఆట తాను ఆడుకునేవాడు. మంచి ఆటగాడికి డెబ్బై రెండు దెబ్బలు చాలాలని ఆ మైదానం లెక్క. ఉమాపతికి డెబ్బై ఐదూ డెబ్బై ఆరూ పట్టేవి. ఆ సంగతి హైమకూ నీటికోళ్ళకూ తప్ప ఎవరికీ తెలియదు.

ఇలా హాయిగా ఓడిపోతూ కాలం గడుస్తుండగా, మైదానాల మదింపు మండలి నుంచి కబురు వచ్చింది. వచ్చే శనివారం వాగ్దేవి గారనే అధికారిణి వచ్చి నెమలికోనకు గ్రేడు ఇస్తారు. పద్ధతి ఏమిటంటే, సంస్థలోకెల్లా గొప్ప ఆటగాడు ఆమె కళ్ళముందు పద్దెనిమిది గుంతలూ ఆడాలి. వంద లోపు ముగించలేకపోతే అది మైదానం కాదు, బీడు అని రాసేస్తారు. బీడు అని తేలితే మూసేస్తామని ఆర్థిక శాఖ ముందే కన్నెర్ర చేసి ఉంది. మూసేస్తే ఇంజనీర్లను ఖాళీలున్న చోట సర్దాలి. అప్పటికి ఖాళీ ఉన్నది పిల్లిగుట్టలోనే. భానుమూర్తికి తోడుగా రెండో వర్షమాపకుణ్ణి వేయాలని అక్కణ్ణుంచి ఎప్పటినుంచో అడుగుతున్నారు.

మీ సంస్థలో ఉత్తమ క్రీడాకారుడు ఎవరు అని మండలి అడిగింది. జవాబు రాయడానికి పరాంకుశం గారికి క్షణం పట్టలేదు. రికార్డుల ప్రకారం ఎండీ గారే.

ఆ జవాబు వెళ్ళిన రోజు సాయంత్రం ఎండీ గారు ఎవరికీ చెప్పకుండా, కారు కూడా దూరంగా ఆపి, సాధన చేసుకుందామని మైదానానికి వచ్చారు. దిబ్బల మీద ఎవరో ఆడుతున్నారు. బంతి లేచి, నీటి మీద వంపు తిరిగి, గాలి తోసినచోటికి కాక కొట్టినవాడు తలచుకున్నచోటికి వచ్చి వాలుతోంది. ఎండీ గారు గడ్డిలో కూర్చుని చివరిదాకా చూశారు.

‘‘ఎంతయిందోయ్?’’ అన్నారు లేచి.

ఉమాపతి చేతిలో కర్ర జారిపోయింది. ‘‘నూట యాభై ఒకటి సార్’’ అన్నాడు అలవాటు కొద్దీ.

‘‘ఏడో గుంత నుంచీ ఇక్కడే ఉన్నాను. ఇన్నాళ్ళూ ఆ ఇసుకలో పొర్లింది కావాలనేనన్నమాట.’’

‘‘ఉత్తర్వు ఉంది కద సార్.’’

‘‘ఉంది. నేనే ఇచ్చాను.’’ ఎండీ గారు కింద పడ్డ కర్ర తీసి అతని చేతికిచ్చారు. ‘‘అందరూ నా కోసమే ఓడిపోతున్నారని నాకూ తెలుసోయ్. కానీ ఈ సంస్థలో నాతో నిజంగా ఆడినవాడు ఒక్కడున్నాడా అని అప్పుడప్పుడూ అనిపిస్తుంది. భానుమూర్తి ఒక్కడు ఆడాడు. వాణ్ణేమో...’’

 ఉమాపతి మనసులో పాపం అనుకున్నాడు. అంతలోనే ఎండీ గారు మళ్ళీ ఎండీ గారైపోయి, ‘‘శనివారం నువ్వే ఆడాలి. పొద్దున్నే పరాంకుశాన్ని రమ్మను’’ అని వెళ్ళిపోయారు.

పరాంకుశం గారు విని, రెండు చెవులూ మూసుకున్నారు.

‘‘ఎంతమాత్రమూ వీలుకాదు సార్. ఉమాపతి తమకన్నా తక్కువ కొడితే క్రమశిక్షణారాహిత్యం, పిల్లిగుట్ట. ఎక్కువ కొడితే మైదానం మూత, అప్పుడూ పిల్లిగుట్టే.’’

‘‘అయితే ఆ ఉత్తర్వు రద్దు చేసేద్దాం.’’

‘‘రద్దు చేస్తే భానుమూర్తి బదిలీ తప్పని మనకు మనమే ఒప్పుకున్నట్టవుతుంది సార్. క్షమాపణ కూడా అడుగుతాడు. వాడి స్వభావం తమకు తెలియంది కాదు.’’

 ఉమాపతి గోడ వారగా నిలబడి, ఇంట్లో పెట్టెలు ఎన్నున్నాయా అని ఆలోచిస్తున్నాడు. పరాంకుశం గారు కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ, నిబంధనలన్నీ ఒకసారి మననం చేసుకుని కళ్ళు తెరిచారు.

‘‘సార్! ఎండీ కన్నా కిందివాడు తక్కువ కొట్టకూడదు. ఎండీయే తక్కువ కొడితే ఎవరికేం అభ్యంతరం? ఆ పూటకి ఉమాపతినే ఎండీ చేసేద్దాం.’’

చేసేశారు. ‘శనివారం ఆట ఆరంభమైనది మొదలు పద్దెనిమిదవ గుంతలో బంతి పడు క్షణము వరకు’ ఉమాపతి మేనేజింగ్ డైరెక్టరు ఇన్‌చార్జి, సమస్త అధికారములతో. సదానందం గారికి అంతసేపూ సెలవు. సమస్త అధికారములతో అన్న మాట దేనికని ఎండీ గారు అడిగారు. అది లేకుండా ఇన్‌చార్జి ఉత్తర్వు రాసే అలవాటు సంస్థలో లేదని పరాంకుశం గారు చెప్పారు.

ఇంట్లో హైమ ఈ సంగతంతా విని, చపాతీ పిండి పిసుకుతున్న చేతుల్తోనే నుదురు కొట్టుకుంది. ‘‘ఇన్నాళ్ళూ ఓడిపోవడం మీ ఉద్యోగం. ఇప్పుడేమో గెలవడం. మీ ఆఫీసులో ఊరికే ఆడుకునే ఉద్యోగం లేదుటండీ?’’

‘‘గెలిస్తే ఇక్కడే ఉంటాం హైమా.’’

‘‘అలాని వాళ్ళు చెప్పారా?’’

చెప్పలేదు. ఆ ముక్క అతనికి అప్పుడు తట్టింది.

శనివారం గాలి మంచి జోరు మీద ఉంది. వాగ్దేవి గారు నెరిసిన జుట్టు ముడి వేసుకుని, కాన్వాసు బూట్లతో వచ్చారు. నిన్నటిదాకా ‘ఏమయ్యా ఉమాపతీ’ అన్న నోళ్ళన్నీ ‘దయచేయండి సార్’ అన్నాయి. ఎండీ గారి గొడుగు ఉమాపతి నెత్తిమీదికి వచ్చింది. అసలు ఎండీ గారు మైదానం అంచున ఉన్న పంపుహౌసులో దూరదర్శినితో కూర్చున్నారు. సెలవులో ఉన్న మనిషి ఎక్కడైనా కూర్చోవచ్చు.

మొదటి దెబ్బకు బంతి వెళ్ళి ఏపుగా పెరిగిన గడ్డిలో పడింది. ఉమాపతి నడుచుకుంటూ అక్కడికి చేరేసరికి నున్నటి పచ్చిక మీద మెరుస్తూ ఉంది.

‘‘ఇదిక్కడికి ఎలా వచ్చింది?’’

‘‘తమరు వస్తున్నారని పక్కకు తప్పుకుంది సార్’’ అన్నారు జనరల్ మేనేజరు చేతులు కట్టుకుని.

ఉమాపతి బంతిని మళ్ళీ గడ్డిలో పెట్టి కొట్టాడు. వాగ్దేవి గారు కనుబొమ్మలు ఎత్తి ఏదో రాసుకున్నారు. రెండో గుంత దగ్గర బంతి మూరెడు దూరంలో ఆగిపోతే, వెంట ఉన్న పదిమంది అధికారులూ ఒక్క గొంతుతో ‘‘పడినట్టే సార్!’’ అన్నారు. ఉమాపతి వినిపించుకోకుండా ఇంకో దెబ్బ కొట్టి పడేశాడు. మూడో గుంత దగ్గరా అంతే.

అయితే అతనూ మనిషే కదా! ఆ మాట వినగా వినగా తియ్యగానే ఉంది. నాలుగో గుంత దగ్గర జానెడు దూరంలో ఆగిన బంతిని పరాంకుశం గారు వంగి తీసి, తువ్వాలుతో తుడిచి చేతిలో పెడితే, కాదనకుండా పుచ్చుకున్నాడు. ఐదో గుంతకు నడుస్తూ, ‘‘ఏమయ్యా పరాంకుశం, మంచినీళ్ళేవీ?’’ అన్నాడు. అన్నాక ఆ గొంతు అచ్చం సదానందం గారి గొంతులా అతనికే వినిపించింది. గిరుక్కున వెనక్కి తిరిగి, నాలుగో గుంత దగ్గర బంతిని ఉన్నచోటే పెట్టి, కొట్టి గుంతలో వేశాడు. బంతి ఎత్తినందుకు వాగ్దేవి గారు ఒక దెబ్బ జరిమానా వేశారు. అధికారులందరూ ఆ దెబ్బ తమ వీపు మీద పడినట్టు మూలిగారు. అక్కణ్ణుంచి మళ్ళీ ఎవరైనా ‘పడినట్టే’ అంటే ఉమాపతి చెవిన పెట్టలేదు.

తొమ్మిదో గుంత అయ్యాక పరాంకుశం గారు ఫైళ్ళు తెచ్చారు. ఎండీ అన్నవాడి ముందు ఫైళ్ళు పెట్టకుండా ఆయనకు పూట గడవదు. పంపుసెట్టు మరమ్మతు, గడ్డి కోత, చౌకీదారు సెలవు. ఉమాపతి చదివి చదివి సంతకాలు పెడుతూ నాలుగో ఫైలు దగ్గర ఆగిపోయాడు. అందులో తన పేరు ఉంది.

‘‘ఇదేమిటి?’’

‘‘తమ బదిలీ సార్. పిల్లిగుట్టకు’’ అన్నారు పరాంకుశం గారు వినయంగా. ‘‘ఎండీ గారి కన్నా బాగా ఆడగల సామర్థ్యం కలిగియుండియు దానిని ఇన్నాళ్ళు దాచిపెట్టినందుకు. సదానందం గారు నిన్న పొద్దుపోయాక నోట్ పెట్టారు. సంతకం చేసేలోగా ఆయన సెలవు మొదలైపోయింది. ఇవాళ ఎండీ తమరు కనక...’’

‘‘నా బదిలీ మీద నన్నే సంతకం పెట్టమంటారా?’’

‘‘పదవి వేరు, మనిషి వేరు సార్. తమకు వీలుకాకపోతే ఆట అయ్యాక ఆయనే పెడతారు.’’

 ఎంత బాగా ఆడితే అంత తొందరగా పిల్లిగుట్ట. కళ్ళముందు హైమ, ఆమె మొక్క, ఆ రెండు గదులు కదిలాయి. కోపం వచ్చింది. ఏడుపు కూడా వచ్చింది. ‘‘ఫైలు నా దగ్గరే ఉంచండి’’ అని లేచి, పదో గుంత వైపు ఎంత గట్టిగా కొట్టాడంటే గొడుగు పట్టుకున్న అటెండరు జడుసుకుని గొడుగు వదిలేశాడు. దాన్ని గాలి నీళ్ళ దాకా తీసుకుపోయింది. ముగ్గురు అధికారులు వెంటపడి పట్టుకొచ్చారు.

పదిహేడో గుంత జలాశయానికి మరీ దగ్గర. గాలి ఒక్కసారి తిరిగింది. బంతి ఒడ్డు దాటి మోకాటి లోతు నీళ్ళలో పడింది. బుడుంగుమన్న చప్పుడు అందరికీ వినిపించింది.

‘‘నీళ్ళలో పడింది’’ అన్నారు వాగ్దేవి గారు.

‘‘నీళ్ళెక్కడున్నాయి మేడమ్?’’ అన్నారు జనరల్ మేనేజరు ఆశ్చర్యపోతూ. అనక ఏం చేస్తారు! మైదానానికి అనుమతి తెచ్చుకునేటప్పుడు, ఆ చోట జలాశయం లేదనీ, అది మెట్టభూమి అనీ సంస్థే ధ్రువీకరించి ఇచ్చింది. ఇప్పుడు ఎండీ నోటితో నీళ్ళని ఒప్పుకుంటే పదిహేడో గుంత జలాశయంలో కట్టినట్టవుతుంది. పరాంకుశం గారు ఉమాపతి చెవిలో ఇదంతా ఊది, ‘‘అది మెట్టే సార్. తమరు మెట్టలో ఆడుతున్నట్టే ఆడాలి’’ అన్నారు.

‘‘సరే’’ అన్నాడు ఉమాపతి. ప్యాంటు మడిచి నీళ్ళలోకి దిగాడు. బంతి ఉన్నచోటి నుంచే ఆడటం ఆటలో తప్పు కాదు. తమాషా ఏమిటంటే, ఎండీ అక్కడ నిలబడితే కిందివాళ్ళు ఒడ్డున సుఖంగా నిలబడటం మర్యాద కాదు. జనరల్ మేనేజరు బూట్లతో సహా దిగారు. వెనకాల గొడుగు, దాని వెనక ఫైళ్ళు నెత్తిన పెట్టుకుని పరాంకుశం గారు, ఆయన వెనక మిగతా అధికారులు సీనియారిటీ ప్రకారం వరసగా దిగారు. పొట్టివాళ్ళకు నడుము దాకా వచ్చింది.

‘‘మీరందరూ నీళ్ళలోకి ఎందుకు దిగారు?’’ అని ఒడ్డు మీంచి అరిచారు వాగ్దేవి గారు.

‘‘పొడిగానే ఉంది మేడమ్’’ అన్నారు జనరల్ మేనేజరు, జేబులోంచి చిన్న చేపను తీసి అవతల పారేస్తూ.

మొదటి దెబ్బకు నీళ్ళు లేచి పరాంకుశం గారి మొహాన పడ్డాయి. రెండో దెబ్బా అంతే. మూడో దెబ్బకు బంతి నాచుతో సహా ఎగిరి ఒడ్డున పడింది. ‘‘లోపల కొట్టిన దెబ్బలు ఎవరికీ కనబడలేదు సార్, లెక్కలోకి రావు’’ అన్నారు ఎవరో. ‘‘మూడు కొట్టాను. మూడూ రాయండి మేడమ్’’ అన్నాడు ఉమాపతి. వాగ్దేవి గారు రాసుకుని, కళ్ళద్దాలు తీసి అతన్ని ఒకసారి నిదానంగా చూశారు.

పద్దెనిమిదో గుంత దగ్గరికి వచ్చేసరికి ఊళ్ళోవాళ్ళు కూడా గట్టు మీద పోగయ్యారు. బడి ఒంటిపూట కావడంతో హైమ వాళ్ళలో ఉంది. ఉమాపతి తలెత్తి చూశాడు. ఆమె చెయ్యి ఊపింది. అతను కొట్టిన బంతి పచ్చిక మీద దొర్లుతూ దొర్లుతూ వెళ్ళి, గుంతకు బెత్తెడు దూరంలో ఆగింది.

‘‘పడినట్టే సార్!’’ అన్నారు పదిమందీ. పరాంకుశం గారు గొడుగు ముయ్యమని అటెండరుకు సైగ చేశారు.

ఉమాపతి బంతి వంక చూశాడు. గుంత వంక చూశాడు. చంకలో ఉన్న ఫైలు తగిలింది. ఇన్‌చార్జి ఉత్తర్వులో ‘బంతి పడు క్షణము వరకు’ అన్న మాట గుర్తుకొచ్చింది. కర్రను పచ్చిక మీద పడుకోబెట్టి, చొక్కా చేతులు దించుకున్నాడు.

‘‘ఎక్కడ పడింది? ఇంకా బయటే ఉంది కదా?’’

‘‘అవును. పడేదాకా ఆట ముగిసినట్టు కాదు’’ అన్నారు వాగ్దేవి గారు.

‘‘అయితే గాలి కాస్త తగ్గనివ్వండి. పరాంకుశం గారూ, కలం ఇలా ఇవ్వండి.’’

బదిలీ ఫైలు తెరిచి, ‘అవసరం లేదు. ఈ విషయము ఇంతటితో ముగిసినది’ అని రాసి సంతకం పెట్టాడు. తెల్లకాగితం అడిగి పుచ్చుకుని, భానుమూర్తిని పిల్లిగుట్ట నుంచి వెంటనే వెనక్కి పిలుస్తూ సంతకం పెట్టాడు. ఇంకో కాగితం మీద, పాత ఉత్తర్వు రద్దు చేస్తూ, ‘ఇకమీదట ఎవరి దెబ్బలు వారివే’ అని రాస్తుండగా పంపుహౌసు తలుపు ధడేలున తెరుచుకుంది. సదానందం గారు దూరదర్శిని మెళ్ళో ఎగురుతుండగా పరిగెత్తుకొచ్చారు.

‘‘ఆపండి! ఏం రాస్తున్నాడు వాడు? బంతి కొట్టు ముందు! కొట్టమంటుంటే!’’

పరాంకుశం గారు చేతులు చాచి అడ్డు నిలబడ్డారు. ఆయన ఒంటి మీంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. ‘‘క్షమించాలి సార్. తమరు సెలవులో ఉన్నారు. సెలవులో ఉన్న అధికారి విధి నిర్వహణలో జోక్యం చేసుకొనరాదు. అది కూడా తమ సంతకంతో వెలువడిన ఉత్తర్వే.’’

ఉమాపతి మూడో సంతకం పూర్తి చేసి, కాగితాలు పరాంకుశం గారికి అందించి, కర్ర తీసుకుని బంతిని మెల్లిగా తాకించాడు. అది గుంతలో పడింది. ఆ క్షణంలోనే గొడుగు అతని నెత్తి మీంచి లేచి సదానందం గారి నెత్తి మీదికి వెళ్ళిపోయింది. ‘‘ఏమయ్యా ఉమాపతీ, ఆ కలం నాది, ఇలా ఇవ్వు’’ అన్నారు పరాంకుశం గారు.

మొత్తం డెబ్బై తొమ్మిది. వాగ్దేవి గారు నెమలికోనకు మొదటి గ్రేడు ఇచ్చారు. ఇరవై ఏళ్ళుగా మైదానాలు చూస్తున్నాననీ, తన దెబ్బలు తానే పెంచి రాయించుకున్న ఎండీని ఇక్కడే చూశాననీ, మైదానం కన్నా అదే తనకు నచ్చిందనీ అందరి ముందూ చెప్పి కారెక్కారు.

కారు మలుపు తిరగగానే సదానందం గారు ఆ మూడు కాగితాలూ లాక్కున్నారు. ‘‘ఇవి చెల్లవు. చింపేస్తాను.’’

‘‘చింపవచ్చు సార్’’ అన్నారు పరాంకుశం గారు. ‘‘చెల్లవంటే ఉమాపతి ఎండీ కాడన్నమాట. ఎండీ కాకపోతే ఈ డెబ్బై తొమ్మిది క్రమశిక్షణారాహిత్యం. దాన్ని బట్టి వచ్చిన గ్రేడు కూడా చెల్లదు. అప్పుడు మైదానం బీడు. బీడుకు ఎండీ పోస్టు ఉంటుందా అని నిబంధనలు చూడాలి.’’

సదానందం గారు కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. హైమ గట్టు దిగి వచ్చింది. ‘‘పెట్టె సర్దాలా వద్దా, ఆ ఒక్కటీ చెప్పండి’’ అంది మొగుడితో.

‘‘వద్దు’’ అన్నాడు ఉమాపతి. ఆమె అందరూ చూస్తుండగానే పైటచెంగుతో అతని మొహం మీది నాచు తుడిచింది.

మర్నాడు ఆదివారం. ఎవరి దెబ్బలు వారివే. ఓడిపోవాల్సిన అవసరం తీరిపోయింది కనక అధికారులందరూ కసిగా వచ్చారు. ఇన్నాళ్ళూ లోపల దాచుకున్న తమ అసలు ఆట ఇవాళ లోకానికి చూపించాలి కదా! దెబ్బలు మొదటిసారిగా నిజంగా లెక్కపెట్టారు. ఉమాపతికి డెబ్బై ఆరు. సదానందం గారికి నూట ముప్ఫై ఎనిమిది. జనరల్ మేనేజరుకు నూట తొంభై దాటాక లెక్కపెట్టేవాడు దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళలో నూట డెబ్బైకి తగ్గినవాడు లేడు. పరాంకుశం గారు మధ్యాహ్నం భోజనాల వేళకు కూడా మూడో గుంత పక్కన ఇసుకలోనే ఉన్నారు.

సదానందం గారు అంకెలు రెండుసార్లు చూసుకున్నారు. ‘‘నిజం చెప్పవయ్యా. నా కోసం ఓడిపోయావా?’’ అని జనరల్ మేనేజర్ని నిలదీశారు.

‘‘లేదు సార్’’ అన్నారాయన తల వంచుకుని. ‘‘ఇవాళ చాలా గట్టిగా ప్రయత్నించాను.’’

‘‘అంటే ఇన్నాళ్ళూ నేను నిజంగానే...’’ సదానందం గారు జనరల్ మేనేజరు చెయ్యి పట్టుకుని ఊపేశారు. జేబురుమాలు తీసి కళ్ళు ఒత్తుకున్నారు. ఆ తరవాత డ్రైవర్ని కేకేసి లడ్డూలకు పంపించారు.

సాయంత్రం ఆయనే స్వయంగా పొట్లం పట్టుకుని ఉమాపతి క్వార్టరు గేటు దగ్గర దిగారు. హైమ ఎదురొచ్చి నమస్కారం పెట్టింది. ‘‘చూడమ్మా, నేను రెండోవాణ్ణి. నిజంగా రెండోవాణ్ణి’’ అని పొట్లం ఆమె చేతిలో పెట్టారు. ‘‘వచ్చేవారం భానుమూర్తి కూడా వస్తున్నాడు. అప్పుడు మూడోవాణ్ణవుతానేమో. అయినా ఆడతాను.’’ వెళ్ళబోతూ పెరటి వైపు చూసి ఆగారు. మోకాటి ఎత్తు మొక్క లేత ఆకులు వేసి ఘుమఘుమలాడుతోంది. ‘‘కరివేపాకు బాగా వచ్చిందే! రెండు రెబ్బలు ఇస్తావా తల్లీ, మా ఇంట్లో చారులోకి?’’

‘‘ఇంకా చిన్న మొక్క సార్, ఇప్పుడే కొయ్యకూడదు’’ అంది హైమ. ‘‘రెండేళ్ళాగి రండి, కొమ్మ విరిచి ఇస్తాను. మేం ఇక్కడే ఉంటాం.’’